పాలమీగడ కుండీలో ఎర్ర మొగ్గ

దుంపలక్కకి లోకంలో దేనిమీదైనా పూర్తి నమ్మకం ఉందంటే అది తన చేతివేళ్ళ మీదే. మనుషుల మాట ఆవిడ సగమే నమ్మేది. రేడియోలో చెప్పే వాన కబురైతే అసలు నమ్మేది కాదు. దుంపని చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో ఒకసారి నిమిరి, తలకిందులు చేసి అడుగు చూసి, "ఇది మేనత్త" అనేది. రెండు నెలలయ్యాక ఆ కుండీలో ముదురెరుపు పువ్వులు నాలుగు దిక్కులకీ నోళ్ళు తెరుచుకుని, వచ్చేపోయేవాళ్ళని కసురుతున్నట్టు పూసేవి. మేనత్తే. ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ మాట తప్పు కాలేదు.

అమరిల్లిస్ అనే ఈ లిల్లీలాంటి పూలమొక్కల్ని పెంచనివాళ్ళకి ఇందులో గొప్పేమిటో అర్థం కాదు కనక ఓ ముక్క చెప్పాలి. పూసినప్పుడు ఈ మొక్కల్ని ఎవరైనా పోల్చగలరు. ఎర్రది ఎర్రగా, తెల్లది తెల్లగా కళ్ళెదుటే ఉంటుంది. కానీ ఏడాదికోసారి ఆకులు పండిపోయాక దుంపల్ని పెకలించి, మట్టి కడిగి, పదివారాలు పొడి అరల్లో పడుకోబెట్టాలి. అప్పుడు చూడండి వాటి అందం! అన్నీ ఒక్కలాంటి పెద్ద ఉల్లిపాయలే, అన్నిటికీ అదే గోధుమరంగు తోలు. అందులో ఏది ఏదో చెప్పమంటే చదువుకున్నవాళ్ళు కూడా తెల్లమొహం వేస్తారు. దుంపలక్క మాత్రం చెప్పేది. అందుకే ఆవిడకి ఆ పేరు వచ్చింది. ఎవరైనా కోపంలో "నీ దుంప తెగ" అంటే చాలు, "తిట్టాలంటే బయటికెళ్ళి తిట్టుకోండి, ఇక్కడ దుంపలు వింటాయి" అని కసిరేది.

ఆ నర్సరీ అక్కాచెల్లెళ్ళిద్దరిది. ముందు గాజు గది, వెనక రెండు గదుల ఇల్లు. చెల్లెలి భర్త పోయినప్పట్నుంచీ ఇద్దరూ కలిసే ఉంటున్నారు. అక్కకి యాభై తొమ్మిది, చెల్లెలికి యాభై అయిదు. పనులు ఎప్పుడో పంచుకున్నారు. దుంపని పోల్చడం, పేరు రాయడం, నాటడం అక్కవి. మట్టి కలపడం, కుండీలు మోసి అరల మీద సర్దడం, నీళ్ళు పొయ్యడం, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడడం చెల్లెలివి. చివరి పని అక్కకి అప్పజెప్పి ఉంటే ఆ నర్సరీ ఎప్పుడో మూతపడేది.

రకాలకి పేర్లు కూడా వాళ్ళు పెట్టుకున్నవే. ముదురెరుపుది మేనత్త. తెల్లదాని పేరు పాలమీగడ. ఎరుపూ తెలుపూ గీతలున్నది చారలచొక్కా. లేత గులాబీరంగులో తల వంచుకుని పూసేది సిగ్గరి. ఇరవై నాలుగు తల్లిదుంపలు. వాటి పక్కన పుట్టిన పిల్లదుంపల్నే అమ్ముతారు. తల్లి పేరు తప్పితే పిల్లలన్నిటి పేరూ తప్పుతుంది.

కానీ దుంపలక్క భయం అమ్మకాల గురించి కాదు. ఆవిడ భయానికి మూలం వాళ్ళమ్మ.

అమ్మకి అరవయ్యో ఏట మతిమరుపు మొదలైంది. మొదట మొక్కల పేర్లు పోయాయి. మందారాన్ని చూపించి, "దీన్నేమంటారే?" అని అడిగేది. అందరూ నవ్వేవాళ్ళు. తర్వాత వస్తువుల పేర్లు పోయాయి. తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం పెడుతున్న పెద్దకూతురి చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిదానివమ్మా, ఎవరి పిల్లవి?" అంది. ఆ మాట దుంపలక్క చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అప్పుడు చూసిన డాక్టరు, "కొన్ని కుటుంబాల్లో ఇది తర్వాతి తరానికి వస్తుంది, కొన్నిట్లో రాదు. మీకు వస్తుందో రాదో నేను చెప్పలేను" అన్నాడు. ఆయన నిజాయితీకి దండం పెట్టాలి గానీ, అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేదని దుంపలక్కకి చాలాసార్లు అనిపించింది.

అప్పట్నుంచీ ప్రతి ఏడూ నాటే రోజులు ఆవిడకి పరీక్ష రోజులు. ఆ సంగతి చెల్లెలితో కూడా అనలేదు. వేళ్ళు దుంపని గుర్తుపట్టినంత కాలం తల చక్కగా ఉన్నట్టేనని తనకి తనే ఓ లెక్క పెట్టుకుంది. పూలు పూసి లేబుళ్ళతో సరిపోయాక మనసులో ఓ నిట్టూర్పు విడిచి, ఇంకో ఏడాదికి బతికిపోయాననుకునేది.

ఈ ఏడు కూడా అలాగే నాటింది. రెండు రోజులు పట్టింది. ఒక్కో దుంపనీ సగం మట్టిలోకి, సగం పైకి ఉండేలా కూర్చోబెట్టి, ప్లాస్టిక్ బద్ద మీద పెన్సిలుతో పేరు రాసి గుచ్చింది. పెన్నుతో రాస్తే ఎండకి వెలిసిపోతుంది, పెన్సిలైతే పోదు. చెల్లెలు కుండీలు మోసుకెళ్ళి అరల మీద సర్దింది. తర్వాత అయిదారు వారాలు పనేమీ లేదు, కాసిని నీళ్ళూ, బోలెడు ఎదురుచూపూ తప్ప.

ఆరో వారంలో ఒక ఉదయం దుంపలక్క కుళాయి పక్కనున్న అర ముందు వంగి, ఏ కుండీలో కాడ లేచిందో చూస్తోంది. అమరిల్లిస్‌కి ఆకుల కన్నా ముందు పూలకాడే తల ఎత్తుతుంది. ఒక కుండీలో జానెడు కాడ లేచింది. లేబులు మీద తన రాతలోనే "పాలమీగడ" అని ఉంది. పాలమీగడ మొగ్గ కొస లేతాకుపచ్చగా ఉండాలి. ఇది ఎర్రగా ఉంది.

కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మొగ్గ మళ్ళీ ఎర్రగానే కనిపించింది.

చలికి అలా కమిలి ఉంటుందనుకుంది. మొక్కలకి చలికి రంగు మారడం ఉన్నదే. ఇలా తనకి తను సర్దిచెప్పుకుంటున్నప్పుడే పక్క కుండీ చూసింది. అదీ పాలమీగడే. దానిలోనూ ఇంకా దుంప మెడ దాటని మొగ్గ ముక్కు ఎర్రగా ఉంది. ఆ పక్కది కూడా అంతే. దుంపలక్క బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"ఏంటక్కా, అలా కూర్చున్నావ్? నడుం పట్టేసిందా?" చెల్లెలు గుమ్మంలోంచి అడిగింది.

"నడుం కాదు, నీ వాగుడు పట్టేసింది. వెళ్ళి పని చూసుకో."

చెల్లెలు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఆ కసురు వెనక సరదా ఉండేది. ఇవాళ వట్టి భయమే ఉంది.

ఆరు రోజులు ఆ మొగ్గలతో ఆవిడ పడ్డ యాతన ఇంతా అంతా కాదు. కాఫీ తాగుతుంటే మొగ్గ, స్నానం చేస్తుంటే మొగ్గ. ఏదో వంకన గంటకోసారి కుళాయి దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఏడో రోజు మొదటి పువ్వు విచ్చింది. ముదురెరుపు. సాక్షాత్తూ మేనత్త. అదే రోజు కిటికీ పక్క అరలో "మేనత్త" అని లేబులున్న కుండీలో పాలమీగడ తెల్లగా, అమాయకంగా పూసింది.

చెల్లెలు బజారుకి వెళ్ళిందో లేదో చూసుకుని దుంపలక్క ఆ లేబుళ్ళు అటువి ఇటూ ఇటువి అటూ గుచ్చేసింది. వారం తిరిగేలోగా అలా మొత్తం ఆరు మార్చింది. కుళాయి దగ్గరవి మూడు, కిటికీ దగ్గరవి మూడు. తను చేసిన నేరాన్ని తనే కప్పిపుచ్చుతున్నట్టు ఉంది. రాత తనది. గుచ్చింది తను. ఇంకెవరిని అనగలదు?

అప్పట్నుంచీ తనమీద తనే నిఘా పెట్టుకుంది. పొద్దున్నే పదిహేడో ఎక్కం అప్పజెప్పుకునేది. వీధిలో దుకాణాల పేర్లు వరసగా చెప్పుకునేది. మేనమామల పేర్లూ వాళ్ళ పిల్లల పేర్లూ చెప్పుకుంటూ, మధ్యలో ఒకడు గుర్తురాకపోతే చెమటలు పట్టేవి. వాడు పుట్టిందగ్గర్నుంచీ ఎవరికీ గుర్తుండని రకమేనన్న సంగతి ఆ క్షణాన తోచేది కాదు.

పైగా ఇంట్లో ఏవేవో జరుగుతున్నాయి. ఒకరోజు కుళాయి కట్టెయ్యకపోవడంతో గాజు గదంతా నీళ్ళయ్యాయి. ఒకరోజు తాళంచెవులు పంచదార డబ్బాలో దొరికాయి. ఒక సాయంత్రం ఖాళీ గిన్నె పొయ్యి మీద మాడుతోంది. ఇవన్నీ తనే చేసి ఉంటుంది, చేసినట్టు కూడా గుర్తులేదు. అమ్మ ఇలాగే ఉండేది. అమ్మ కూడా, "నేను కాదే, నేను ముట్టుకోలేదే" అనేది, అంత నిజాయితీగానూ.

ఒక మధ్యాహ్నం ఏటా ఒక దుంప కొనుక్కెళ్ళే రిటైరైన కండక్టరు వచ్చాడు. నర్సరీకి మొట్టమొదటి బేరం ఆయనదే, కబుర్లూ ఆయనవే ఎక్కువ.

"ఏమ్మా, ఈసారి మేనత్త పిల్లదుంప ఇవ్వండి. మా ఇంట్లో ఉన్నావిడకి తోడుగా ఉంటుంది."

దుంపలక్క పిల్లదుంపల అరలో చెయ్యి పెట్టింది. ఒకటి తీసింది. మెడ నిమిరింది. వేళ్ళు "మేనత్త" అన్నాయి. ఆ వేళ్ళని నమ్మడం ఎలా? దాన్ని పెట్టేసి ఇంకోటి తీసింది. అదీ పెట్టేసింది. కండక్టరు జోకులు ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"ఈసారి దుంపలు సరిగ్గా ఎండలేదండీ. వచ్చే నెల రండి."

ఆయన వెళ్ళాక వెనక్కి తిరిగితే చెల్లెలు తలుపు దగ్గర నిలబడి ఉంది. చెల్లెలి కళ్ళలో జాలి ఉంది. ఆ జాలి చూసి దుంపలక్కకి అర్థమైంది. తనకి అనుమానం మాత్రమే ఉంది, చెల్లెలికి అప్పుడే తెలిసిపోయింది. అమ్మని తామిద్దరూ ఇలాగే చూసేవాళ్ళు, అమ్మ వెనక నిలబడి. ఆ రోజు నుంచీ చెల్లెలి ఎదట పడాలంటేనే భయం వేసింది. అన్నం తినేటప్పుడు కూడా తలెత్తేది కాదు. చెల్లెలు ఏదడిగినా ముందు ఆలోచించుకుని, తప్పు లేదని తేలాకే నోరు విప్పేది.

తనకి ఏమవుతుందన్న దిగులు కన్నా పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. తనకి అన్నం ఈ చెల్లెలే పెట్టాలి. ఒకరోజు తను దాని చెయ్యి పట్టుకుని ఎవరి పిల్లవని అడుగుతుంది. ఆ మాట వినడం ఎలా ఉంటుందో తనకి తెలుసు. పగవాళ్ళకి కూడా వద్దనుకున్నది చెల్లెలికి తెచ్చిపెట్టబోతోంది.

ఇరవై నాలుగూ పూశాయి. ఆ ఉదయం ఎండ గాజులోంచి నేరుగా పూలమీద పడుతోంది. చెల్లెలు రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చి, ఒకటి అక్క చేతికిచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, నీకో మాట చెప్పాలి. కోప్పడనంటేనే చెబుతా."

దుంపలక్క గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. వచ్చేసింది అనుకుంది.

"నాటినప్పుడు నువ్వు లేబుళ్ళు తప్పు పెట్టావక్కా. నేను చూశాను. చెబితే బాధపడతావని చెప్పలేదు. అమ్మ సంగతి నీ మనసులో ఉంటుందని నాకు తెలుసు కదా. అందుకని నేనే మెల్లిగా మార్చేశాను."

"ఏవి మార్చావు?"

"ఆరు కుండీలు. కుళాయి దగ్గర మూడింటికీ మేనత్త అని పెట్టావు. కిటికీ దగ్గర మూడింటికీ పాలమీగడ అని పెట్టావు. నేను అటువి ఇటు పెట్టాను. చూడు, ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఎవరికీ తెలియదు. నువ్వేం భయపడకక్కా, నేనున్నాను కదా."

దుంపలక్కకి ముందు ఆ మాటలు బుర్రకెక్కలేదు. ఎక్కాక ఒళ్ళంతా తేలికైపోయింది. తను కుళాయి దగ్గరివాటికి మేనత్త అని పెట్టింది. అవి మేనత్తలే. కిటికీ దగ్గరివాటికి పాలమీగడ అని పెట్టింది. అవి పాలమీగడలే. చెల్లెలు తారుమారు చేస్తే తను తిరిగి సరిచేసిందంతే. తన వేళ్ళు తప్పలేదు. తన తల చక్కగా ఉంది! సంతోషం ఆపుకోలేక నవ్వేసింది. చెల్లెల్ని పట్టుకుని నాలుగు వాయించాలనీ ముద్దు పెట్టుకోవాలనీ ఒకేసారి అనిపించింది.

"ఓసి మొద్దూ, నన్ను చంపేశావు కదే! ఇలా రా, కుళాయి దగ్గర కుండీ లేబులు చదువు."

చెల్లెలు వంగి చదివింది. "మేనత్త."

"నేను మొదట పెట్టిందేంటన్నావు?"

"మేనత్త అని."

"నువ్వు మార్చావు కదా. మరి ఇప్పుడూ మేనత్త అనే ఉందేమిటి?"

చెల్లెలు లేబులు వంక చూసింది. పువ్వు వంక చూసింది. అక్క వంక చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా నవ్వింది. "అదే కదక్కా, నేను మార్చాను కనకే సరిపోయింది."

దుంపలక్క నవ్వు ఆగిపోయింది. చెల్లెలి మొహంలో వెతికింది, ఎక్కడైనా వేళాకోళం ఉందేమోనని. లేదు. ప్రేమ ఉంది, జాలి ఉంది, తను చెప్పింది నిజమన్న ధీమా ఉంది. లేబుళ్ళు ఎవరో మళ్ళీ మార్చారన్న ఆలోచన ఆ కళ్ళలోకి రానేలేదు.

ఆ పగలంతా దుంపలక్క చెల్లెలి తరఫున వకాల్తా పుచ్చుకుంది. మనిషన్నాక పొరపాటు పడుతుంది. దుంపలు పోల్చడం దానికి ఎప్పుడూ రాదు. కంగారులో అలా అని ఉంటుంది. నీళ్ళ కుళాయీ, పంచదార డబ్బా, మాడిన గిన్నే ఒక్కొక్కటిగా గుర్తొస్తుంటే, అవి తనవేనని మొండికేసింది. నిన్నటిదాకా ఏ తప్పు తనది కాకూడదని దేవుళ్ళకి మొక్కుకుందో, ఇవాళ అవన్నీ తనవే కావాలని మొక్కుకుంది.

మర్నాడు ఉదయం చెల్లెలు రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చింది. ఒకటి అక్క చేతికిచ్చింది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, నీకో మాట చెప్పాలి. కోప్పడనంటేనే చెబుతా."

దుంపలక్క టీ గ్లాసు కింద పెట్టేసింది.

"నాటినప్పుడు నువ్వు లేబుళ్ళు తప్పు పెట్టావక్కా. నేను చూశాను. చెబితే బాధపడతావని చెప్పలేదు..."

"నిన్ననే చెప్పావు కదే" అన్న మాట గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఆ మాట అన్న క్షణం చెల్లెలి మొహంలో ఏం కనిపిస్తుందో ఆవిడకి తెలుసు. నెల్లాళ్ళుగా రోజూ అద్దంలో చూస్తూనే ఉంది. అందుకని చివరిదాకా విన్నది. మొదటిసారి వింటున్నట్టు మధ్యమధ్య "అవునా?" అంది, "ఏ కుండీలు?" అంది. "నేనున్నాను కదా" అన్నదాకా విని కళ్ళు తుడుచుకుంది.

"నిజమేనే. నాకు భయంగా ఉంది. అమ్మలాగే అవుతానేమోనని ఉంది."

"ఛ, ఏం మాటలక్కా అవి!"

"డాక్టరు దగ్గరికి వెళదాం. కానీ ఒక్కదాన్నీ పరీక్షలు చేయించుకోలేను. నాతోపాటు నువ్వూ చేయించుకో. ఇద్దరం ఒకచోట కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"అంతేనా! నీకోసం సూదులు పొడిపించుకోమన్నా పొడిపించుకుంటా" అంది చెల్లెలు.

దుంపలక్క అక్కడే నిలబడి ఆస్పత్రికి ఫోను చేసింది. చెల్లెలు లేచి వచ్చి అక్క భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది, పడిపోకుండా.

"పేషెంటు ఎవరండీ?" అని అవతలి గొంతు అడిగింది.

"నేనేనండీ," అంది దుంపలక్క. "మా చెల్లెలు నాకు తోడొస్తోంది. ఆవిడ పేరు కూడా రాసుకోండి."